పళ్ళమ్మాయి ఉద్యోగానికి ప్రకటన

ఆమెను పళ్ళమ్మాయి అని మొదట పిలిచింది బావ. బావంటే పెద్దమ్మ కూతురి మొగుడు, సిటీ బస్సు నడుపుతాడు. మరదలు పళ్ళ పని నేర్చుకోవడానికి వస్తోందని డిపోలో చెబితే, "ఏ పళ్ళు? అరటా, ద్రాక్షా?" అని అడిగారట తోటి డ్రైవర్లు. "తినే పళ్ళు కాదురా బాబూ, తినడానికి కావలసిన పళ్ళు" అన్నాడట ఈయన. ఇంటికొచ్చి ఆ మాట చెప్పి, ఎవరూ నవ్వకముందే తనే పడీపడీ నవ్వాడు. అప్పటినుంచీ ఆ ఇంట్లోనూ, ఆ ఇంటికి వచ్చేపోయేవాళ్ళ నోళ్ళలోనూ ఆమె పళ్ళమ్మాయే.

పని మాత్రం నిజంగా పళ్ళదే. డాక్టర్లు రోగుల నోళ్ళలోంచి తీసి పంపిన అచ్చుల్ని చూసి కట్టుడు పళ్ళూ, పంటికి తొడిగే క్యాపులూ తయారుచేయడం. ఆ పని మీదకు ఆమె మనసు పోవడానికి కారణం నాయనమ్మ. నాయనమ్మకు ఒక సెట్టు ఉండేది. మాట్లాడితే టకటకమనేది. తినేటప్పుడు దాన్ని తీసి గ్లాసులో వేసి, ఎవరైనా ఇంటికొస్తే గబుక్కున పెట్టుకునేది. "ఇవి నా పళ్ళు కావే, చుట్టాల పళ్ళు" అనేది. నమలడానికి పనికిరాని పళ్ళు ఎవడు చేశాడా అని పదేళ్ళ పిల్లగా ఆమెకు వచ్చిన కోపమే పెద్దయ్యాక చదువైంది. ఆ చదువు సరిగ్గా చెప్పే కాలేజీ అక్కావాళ్ళుండే దేశంలో ఉందని తెలిసి, విద్యార్థి వీసా మీద వచ్చింది. అక్కావాళ్ళ హాల్లో సోఫా ఆమె మంచమైంది. రెండేళ్ళ కోర్సు అయ్యాక, పని చేసుకోవడానికి మరో రెండేళ్ళు అనుమతి ఇచ్చారు.

అలా చేరింది ఆ ల్యాబులో. కింద డ్రైక్లీనింగు షాపు, పైన ల్యాబు. మెట్లెక్కుతుంటే సగం దాకా ఇస్త్రీ ఆవిరి వాసన, అక్కణ్ణుంచి కరిగిన మైనం వాసన. ముందుగదిలో ప్లాస్టరాయన అచ్చులు పోస్తుంటాడు. మోచేతుల దాకా తెల్లగా, ఎప్పుడు చూసినా పిండి కలుపుతూ మధ్యలో లేచి వచ్చినవాడిలా ఉంటాడు. లోపలి గదిలో రెండే బల్లలు. కిటికీ దగ్గర బల్ల యజమానిది, అందరూ పెద్దాయన అంటారు. గోడవైపు బల్ల పళ్ళమ్మాయిది. నోట్లో నాలుక లేని మనిషి అని కాలేజీలో పేరు తెచ్చుకున్నా, పని దగ్గర మాత్రం ఆమె మొండి. పైవీ కిందవీ సరిగ్గా కలవని సెట్టును నాలుగోసారైనా విప్పి కడుతుంది గానీ అలాగే పంపించదు. పెద్దాయనకు నచ్చింది అదే.

ఆ రెండేళ్ళ అనుమతిలో పద్నాలుగు నెలలు గడిచాక పెద్దాయన కంటికి ఆపరేషనైంది. చెయ్యి పట్టు తప్పలేదు గానీ అంచులు అలుక్కుపోయి కనబడుతున్నాయి. ఒకరోజు మధ్యాహ్నం క్యాపు ఒకటి చేతిలో తిప్పి తిప్పి చూసి, కింద పెట్టేసి అన్నాడు.

"అమ్మాయ్, నీ అనుమతి అయిపోతే ఏం చేస్తావు?"

"వెళ్ళిపోవాలి సార్. ఎవరైనా స్పాన్సరు చేస్తే ఉండొచ్చట."

"ఆ ఎవరైనా నేను కాకూడదా?"

సంతోషించాలో, భయపడాలో ఆమెకు తేలలేదు. తల ఊపింది. ఆ ఊపడం ఔననా, అర్థం కాలేదనా అని పెద్దాయన మళ్ళీ అడగాల్సొచ్చింది.

వీసా వ్యవహారాలు చూసే లాయరమ్మ దగ్గరికి ఇద్దరూ కలిసి వెళ్ళారు. ఆవిడ ఆఫీసులో గోడంతా ఫైళ్ళు, వాటి వెన్నుల మీద ఒక్కొక్క దేశం పేరు. తెల్లకాగితం మీద గళ్ళు గీస్తూ చెప్పింది.

"ముందు మీ ల్యాబు స్పాన్సరు చేయడానికి తగినదేనని ప్రభుత్వం ఒప్పుకోవాలి. తర్వాత ఈ ఉద్యోగానికి ఇక్కడి మనిషి ఎవరూ దొరకలేదని మీరు చూపించాలి. దానికి ఇరవై ఎనిమిది రోజులు ప్రకటన వేయాలి. వచ్చినవాళ్ళందర్నీ చూడాలి. ఎవర్ని ఎందుకు వద్దన్నారో రాయాలి. అప్పుడు ఈ అమ్మాయి సంగతి."

"ఏ ఉద్యోగానికి ప్రకటన?" అన్నాడు పెద్దాయన.

"ఈ అమ్మాయి చేస్తున్నదానికే."

"అది ఖాళీగా లేదు కదండీ. ఈ అమ్మాయే ఉంది కదా అందులో."

"ఉంది. కానీ ఖాళీగా ఉందనుకోవాలి."

పళ్ళమ్మాయి తను కూర్చున్న కుర్చీ చేతుల్ని పట్టుకుని చూసుకుంది. తనున్నట్టా, లేనట్టా? అడుగుదామనుకుంది గానీ, లాయరమ్మ అప్పటికే రెండో కాగితం మీద గళ్ళు గీస్తోంది. కావలసిన కాగితాల పట్టిక అది. అందులో నాలుగోది పన్ను రసీదులు.

ఆ రాత్రి భోజనాల దగ్గర అదంతా చెబితే బావ ముద్ద ఆపేశాడు. "రోజూ పన్నులు కట్టేదాన్ని పట్టుకుని పన్ను కట్టావా అని అడగడమేమిటి? అది సరే. కూర్చున్న కొమ్మ నరుక్కోవడం విన్నాను గానీ, రంపం నువ్వే కొనుక్కురా అనడం ఇప్పుడే వింటున్నా. మా కాలంలో ఒకే ఫారం, రెండు వేలిముద్రలు. అంతే. ఆ ఆఫీసరు నా మొహం చూసి, 'డ్రైవింగు వచ్చా?' అన్నాడు. వచ్చన్నాను. పొమ్మన్నాడు."

"పొమ్మన్నాడా, ఉండమన్నాడా?" అంది అక్క.

"పోయి బండెక్కమన్నాడే!"

పళ్ళమ్మాయి నవ్వలేదు. ఇంకా ఆ ఖాళీ కుర్చీ దగ్గరే ఉంది ఆమె ఆలోచన.

ల్యాబు స్పాన్సరుగా పనికొస్తుందని తేలడానికి ఏడు నెలలు పట్టింది. కింద డ్రైక్లీనింగు షాపుతో ఒకే చిరునామా కావడంతో, మీరు చేసేది పళ్ళా బట్టలా అని ఒక ఉత్తరం. దానికి జవాబు రాస్తే, పళ్ళే అయితే బట్టలవాళ్ళకూ మీకూ ఏమిటి సంబంధం అని ఇంకో ఉత్తరం. చివరికి మెట్ల ఫోటో తీసి పంపాక ఒప్పుకున్నారు.

తర్వాత ప్రకటన. పెద్దాయనకు తెర మీద అక్షరాలు కనబడవు. ప్లాస్టరాయన చెయ్యి పెడితే కీబోర్డు గట్టిపడిపోతుంది. కాబట్టి తన ఉద్యోగానికి ప్రకటన పళ్ళమ్మాయే టైపు చేసింది. కావలెను. కట్టుడు పళ్ళు, క్యాపులు చేయడం తెలిసిన మనిషి కావలెను. మూడేళ్ళ అనుభవం ఉండాలని రాయబోయి ఆగింది. తనకే ఇంకా అంత లేదు. ఓర్పు ఉండాలి అని రాసి, ఉందో లేదో ఎలా తెలుస్తుందని కొట్టేసింది. నిజంగా అక్కర్లేని అర్హత ఏదీ పెట్టకూడదని లాయరమ్మ గట్టిగా చెప్పింది కదా. ఉన్నదున్నట్టే రాసింది. చదివి వినిపిస్తే పెద్దాయన, "బాగుంది. నేనైతే చేరేవాణ్ణి" అన్నాడు.

ఇరవై ఎనిమిది రోజుల్లో ఆరుగురు రాశారు. ఒకాయన పళ్ళ పనంటే తోటలో కోత అనుకుని, నిచ్చెన ఎక్కడం బాగా వచ్చని రాశాడు. ఇద్దరికి పనే తెలీదు. ఒకామె రమ్మంటే రాలేదు. ఒక కుర్రాడు వచ్చి, మైనం చాకు తలకిందులుగా పట్టుకుని, ప్లాస్టరాయన చూసిన చూపుకే వెళ్ళిపోయాడు. ఒక్కొక్కరు వెళ్ళిపోతుంటే పళ్ళమ్మాయికి గుండె కుదుటపడేది, వెంటనే సిగ్గేసేది. పాపం వాళ్ళకూ పని కావాలి కదా అనిపించేది. వాళ్ళకు దొరికితే తనేం కావాలి అని కూడా అనిపించేది.

ఆరో మనిషి ఒక మంగళవారం ఉదయం వచ్చింది. యాభై దాటిన మనిషి, పొట్టి జుట్టు, అందులో సగం నెరిసింది. మెట్లెక్కి ఆయాసపడుతూ కాసేపు నిలబడింది. పెద్ద ల్యాబు ఒకటి మూతబడి ఉద్యోగం పోయిందట. ఏడాదిగా ఖాళీ. సంచీలోంచి గుడ్డచుట్ట తీసి బల్ల మీద పరిచింది. లోపల ఆవిడ సొంత పనిముట్లు. పిడులు అరిగి నున్నగా మెరుస్తున్నాయి.

పరీక్షగా ఒక పై దవడ సెట్టు మైనంలో కట్టాలి. పెద్దాయనకు అంచులు కనబడవు కాబట్టి పక్కన ఉండి చూడాల్సింది పళ్ళమ్మాయి. లేచి తన కుర్చీ ఇచ్చింది.

ఆవిడ స్పిరిటు దీపం వెలిగించి, దవడలా తెరుచుకుని మూసుకునే ఇనప ఫ్రేమును ఒకసారి కదిపి చూసింది. అంతే, ఇక తలెత్తలేదు. ఒక్కొక్క పన్నూ మైనంలో గుచ్చుతోంది, వేలితో ఇంతంటే ఇంత తిప్పుతోంది, వెచ్చటి చాకు తగిలిస్తోంది. గంటా పావులో సెట్టు అయింది. పళ్ళమ్మాయికి పూటంతా పట్టే పని. ముందుపళ్ళకు పక్కనున్న చిన్నవాటిలో ఒకదాన్ని ఆవిడ కావాలనే ఒక్క రవ్వ పక్కకు తిప్పింది. ఆ ఒక్క తిప్పుడుతో అది ల్యాబులో కట్టిన సెట్టులా లేదు. ఎవరో నవ్వబోయి ఆగినట్టుంది. నాయనమ్మ నోట్లో ఇలాంటివి ఉంటే అనుకుంది పళ్ళమ్మాయి. అనుకుని, మంచినీళ్ళు తాగడానికి వెళ్ళింది.

ఆవిడ మెట్లు దిగాక పెద్దాయన అడిగాడు. "ఎలా ఉంది?"

"బాగుంది సార్."

"బాగుందంటే?"

"చాలా బాగుంది."

"నీ పనికంటేనా?"

ప్లాస్టరాయన ముందుగదిలో నీళ్ళ పంపు కట్టేశాడు. ఆ నిశ్శబ్దంలో ఆమెకు రెండు జవాబులు తోచాయి. ఒకటి చెబితే ఉంటుంది, ఒకటి చెబితే పోతుంది. అడకత్తెరలో పోకచెక్క అంటే ఇదేనేమో.

"సెట్టు కట్టడంలో నాకంటే మెరుగు సార్. క్యాపుల సంగతి నాకు తెలీదు."

పెద్దాయన ఏమీ అనలేదు. కోటు తొడుక్కుని కాసేపు బయట తిరిగొచ్చాడు.

ఇంట్లో మాత్రం అందరూ అన్నారు. "నీ నోట్లో శని ఉందా?" అంది అక్క. "చూశాం, ఫరవాలేదు, అని ఊరుకోలేకపోయావా? రెండు క్షణాలు పంటి బిగువున ఉండలేని దానివి పళ్ళ పనేం చేస్తావే?"

"అబద్ధం చెప్పాలా అక్కా?"

"అబద్ధం చెప్పమన్నానా? నిజం చెప్పొద్దన్నాను."

ఆ రెండింటికీ తేడా ఏమిటో పళ్ళమ్మాయి సోఫా మీద పడుకుని చాలాసేపు ఆలోచించింది. తను చేసింది మంచితనమో, తెలివితక్కువతనమో, భయమో కూడా తేలలేదు. ఎందుకు చెప్పావని ఎవరైనా గట్టిగా అడిగితే చెప్పడానికి ఒక్క కారణం కూడా లేదు. ఆ సెట్టు అలా ఉంది మరి. చూసింది చెప్పింది.

మర్నాడు పెద్దాయన మళ్ళీ లాయరమ్మ దగ్గర కూర్చున్నాడు, పక్కన పళ్ళమ్మాయి.

"ఏదైనా ఒక లోపం రాయండి," అంది లాయరమ్మ. "ఏ మనిషికైనా ఏదో ఒకటి ఉంటుంది."

"మెట్లెక్కితే ఆయాసపడింది. అది రాయనా?" అన్నాడు పెద్దాయన విసుగ్గా. "ఆవిడ పనికొస్తుంది. పనికొస్తుందనే రాస్తాను. ఆవిణ్ణి చేర్చుకుంటాను."

అయిపోయింది అనుకుంది పళ్ళమ్మాయి. పెద్దాయన ఇంకా మాట్లాడుతున్నాడు.

"నా బల్ల ఖాళీ అయిందండీ. నేనిక క్యాపులు చెయ్యలేను. అంటే నాకు ఇద్దరు కావాలి. సెట్లకు ఆవిడ. క్యాపులకు ఇంకొకరు. ఆ ఇంకొకరు ఈ అమ్మాయి కాకూడదా?"

లాయరమ్మ కలం కింద పెట్టింది. "కావచ్చు. కానీ అది వేరే ఉద్యోగం. మళ్ళీ ఇరవై ఎనిమిది రోజులు ప్రకటన వేయాలి."

"అంటే నా ఉద్యోగం ఆవిడకు ఇచ్చేసి, మీ ఉద్యోగం నాకా సార్?" అంది పళ్ళమ్మాయి.

"అలాగే ఉన్నట్టుంది."

"మరి ఇప్పుడు నేను చేస్తున్నది ఏది?"

ఇద్దరూ లాయరమ్మ వైపు చూశారు. ఆవిడ క్యాలెండరు వైపు చూసింది. అనుమతి అయిపోవడానికి రెండు నెలలు కూడా లేవు.

కొత్తావిడ ఆ సోమవారమే చేరింది. మేడమ్ అని పిలిస్తే, "మేడమేమిటి, అక్కా అను" అంది. ఆవిడ పళ్ళమ్మాయి కుర్చీలో, పళ్ళమ్మాయి పెద్దాయన కుర్చీలో, పెద్దాయన ఎక్కడ కూర్చోవాలో తెలీక గది మధ్యలో. కొన్నాళ్ళు అలా నడిచింది. పళ్ళమ్మాయి పొద్దున్నే వచ్చి అలవాటుగా గోడవైపు బల్ల దగ్గరికి వెళ్ళేది. సంచీ పెట్టబోయి, నాలుక కరుచుకుని వెనక్కి తిరిగేది. ఈవిడ వల్లే కదా ఇదంతా అని మొదట్లో లోపల మంట. ఆ మంటను నిలబెట్టుకోవడం కూడా కుదరలేదు. కొత్తావిడ అలాంటి మనిషి. తను ఎవరి కుర్చీలో కూర్చుందో ఆవిడకు తెలుసో లేదో కూడా అంతుపట్టలేదు. ఒకసారి పళ్ళమ్మాయి సరదాగా కట్టిన సెట్టు చూసి, "ఇంత వరసగా పళ్ళు ఎవరికుంటాయే? దువ్వెనకుంటాయి" అంది. చెయ్యి పట్టుకుని ఆ చిన్న పన్ను తిప్పడం నేర్పింది. నేర్చుకుంటూ పళ్ళమ్మాయి అనుకుంది, ఈ పని ఇక నాది కాదు కదా, ఎందుకు నేర్పుతోంది, ఎందుకు నేర్చుకుంటున్నాను?

రెండో ప్రకటనకు ఇద్దరే రాశారు. ఒకరికి దూరమైంది, ఒకరు క్యాపులకు కావలసిన పింగాణి పని ఎరగరు. ఉన్నదున్నట్టు రాశారు. అనుమతి తొమ్మిది రోజుల్లో అయిపోతుందనగా దరఖాస్తు వెళ్ళింది.

వెళ్ళాక ఒక ఉత్తరం వచ్చింది. మీ దరఖాస్తు అందినది. ఇది అనుమతి కాదు. నిర్ణయం వెలువడు వరకు మీ పాత అనుమతి షరతులే మీకు వర్తించును. పాత అనుమతిలో ఉన్న షరతు ఒకటే, ఫలానా తేదీ వరకు పని చేసుకోవచ్చు. ఆ తేదీ దాటితే? హెల్ప్‌లైనుకు ఫోను చేస్తే ఒకబ్బాయి చేసుకోవచ్చన్నాడు. నమ్మకం చాలక మళ్ళీ చేస్తే ఒకామె కూడదంది. మూడోసారి ఎత్తినాయన, "మీరు ముందు ఏ జవాబు విన్నారు?" అని అడిగాడు. లాయరమ్మేమో, చేసుకోవచ్చనే నా అభిప్రాయం, కానీ రాతపూర్వకంగా తెప్పించుకుందాం, అంతవరకు ఆగు అంది.

తేదీ దాటాక పదకొండు రోజులు ఇంట్లో ఉంది. ఊరికే ఉండలేక అక్క వంటింటి అరలన్నీ దించి కడిగింది. డబ్బాలను ఎత్తు ప్రకారం సర్దింది. మూడో రోజున అక్క ఉప్పు కోసం పావుగంట వెతుక్కుంది. "నిన్ను పనిలోకి పంపకపోతే నా సంసారం మునిగిపోయేట్టుంది" అని మొత్తుకుంది. బావ రోజుకొక కథ మోసుకొచ్చేవాడు. మా డిపోలో ఒకడి తమ్ముడికి ఇలాగే వచ్చింది, మా డిపోలో ఒకడి మేనకోడలికి ఇలాగే పోయింది. ఆ తమ్ముడూ ఆ మేనకోడలూ చేసిన పనుల్లో తేడా ఏమిటంటే ఆయనకు తెలీదు. ఒక పూట ఆమె అద్దం ముందు నిలబడి తన పళ్ళు తనే చూసుకుంది. ఇక్కడే ఉండాలని ఎందుకింత పాకులాడుతున్నాను? పళ్ళు లేనివాళ్ళు ఎక్కడైనా ఉంటారు కదా? ల్యాబులో బల్ల మీద సగం అరగదీసిన క్యాపు ఒకటి ఉందన్న సంగతి గుర్తొచ్చింది.

పన్నెండో రోజున, పని చేసుకోవచ్చని రాతలో వచ్చింది. వెళ్ళేసరికి కిటికీ బల్ల మీద డాక్టర్ల డబ్బాలు ఒకదాని మీద ఒకటి. "తాకలేదు ఎవరమూ" అన్నాడు పెద్దాయన, అదో గొప్పగా.

అది జరిగిన నెలకు వీసా ఆఫీసు నుంచి అసలు ఫోను వచ్చింది. సాయంత్రం నాలుగింటికి. పెద్దాయన కంటి డాక్టరు దగ్గరికి వెళ్ళాడు. ప్లాస్టరాయన చేతుల సంగతి సరే. పళ్ళమ్మాయి పింగాణి అరగదీస్తూ దుమ్ము పీల్చే మిషను హోరులో ఉంది. ఫోను ఎత్తింది కొత్తావిడ. ఆవిడ ముఖం మారడం చూసి పళ్ళమ్మాయి మిషను ఆపేసింది.

"అవునండీ, ఇక్కడే చేస్తా. కట్టుడు పళ్ళు. … క్యాపులా? చేశానండీ. పన్నెండేళ్ళు చేశా."

పళ్ళమ్మాయి చేతిలో క్యాపు అలాగే ఉండిపోయింది. ఆ పన్నెండేళ్ళ సంగతి ఎవరికీ తెలీదు. తాను అడగలేదు, ఆవిడ చెప్పలేదు. ఇక్కడే క్యాపులు చేయగల మనిషి ఉండగా ఇంకొకరెందుకు అని అవతల అడుగుతున్నారని వినకుండానే అర్థమైంది.

"ఇప్పుడా? ఇప్పుడు చెయ్యలేనండీ. … రంగు తెలీదు. క్యాపుకు రంగే ముఖ్యం కదా, పక్క పంటితో కలవాలి. పసుపుకూ బూడిదకూ తేడా కనిపెట్టలేను. … సెట్లకు ఫరవాలేదండీ, తయారుగా వచ్చిన పళ్ళు, నంబరు చూసి తీసుకోవడమే. … ఆ అమ్మాయికి తెలుసు. ఆ, ఉంది. ఇవ్వమంటారా? … అక్కర్లేదా? సరేనండీ."

ఫోను పెట్టేసి, ఏమీ జరగనట్టు దీపం వత్తి సరిచేసుకుంది.

పళ్ళమ్మాయి మిషను మళ్ళీ వేయలేదు. కిందటి వారమే కదా, తను కిటికీ దగ్గర రంగుల నమూనా పళ్ళ పట్టీ పట్టుకుని ఒక క్యాపును పోల్చుకుంటూ ఉంటే, గదికి ఆ చివర కూర్చుని ఈవిడే, "కాస్త బూడిద కొడుతోంది చూడు, ఇంకొక్క పూత వెయ్యి" అంది? వేస్తే సరిపోయింది కూడా. మరి ఇప్పుడు చెప్పిందేమిటి? అప్పుడు గుడ్డిగా అని ఉంటుందా? లేక ఇప్పుడు…

అడగలేకపోయింది. ఆ రోజు అడగలేదు, ఆ వారం అడగలేదు. అడిగితే ఏ జవాబు వస్తే బాగుంటుందో తనకే తెలీదు. నిజంగా రంగు తెలీదంటే ఆవిణ్ణి చూసి జాలి పడాలి. తెలుసంటే తన బతుకంతా ఒక అబద్ధం మీద నిలబడిందని ఒప్పుకోవాలి. పైగా, తానేమో ఆనాడు ఈవిడ గురించి నిజమే చెప్పింది. అందుకే ఈవిడకు ఉద్యోగం వచ్చింది. ఆ సంగతి పెద్దాయన ఈవిడకు చెప్పాడా? చెప్పి ఉంటే ఇది బదులా? కక్కలేక మింగలేక మూడు వారాలు గడిపింది.

నాలుగో వారంలో నిర్ణయం వచ్చింది. ఇచ్చారు. మూడేళ్ళు. ఈ ల్యాబులోనే, ఈ పనికే. పెద్దాయన ఉత్తరాన్ని కంటికి దగ్గరగా పట్టుకుని, దూరంగా పట్టుకుని, చివరికి ప్లాస్టరాయనతో చదివించుకున్నాడు. కాగితం మీద తెల్లటి వేలిముద్రలు పడ్డాయి. ఇంటికి తీసుకెళితే బావ రెండుసార్లు చదివాడు. "ఇది గెలిచినట్టా, వాయిదా పడినట్టా?" అన్నాడు. అప్పుడాయన నవ్వుతాలుకు అనలేదు. లాయరమ్మను అడిగితే, మూడేళ్ళ తర్వాత ఉండిపోవడానికి అడగొచ్చు, నిబంధనలు ఇలాగే ఉంటే, అంది. ఉండకపోతే అని అడిగితే, అప్పుడు వేరేలా ఉంటాయి అంది.

మర్నాడు కొత్తావిడకు మిఠాయి ఇస్తూ పళ్ళమ్మాయి అడిగేసింది.

"అక్కా, మీకు రంగులు నిజంగా తెలీవా?"

ఆవిడ మిఠాయి కొరికి, కాసేపు నమిలి, అంది. "పొద్దున వెలుతురులో తెలుస్తాయే. సాయంత్రమైతే తెలీవు. వాళ్ళు ఫోను చేసింది సాయంత్రం కదా."

"మరి పొద్దున చేసి ఉంటే?"

"పొద్దున పెద్దాయన ఎత్తేవాడు." వేళ్ళు తుడుచుకుని చాకు అందుకుంది. "నీ బల్ల మీద మూడు డబ్బాలున్నాయి, పని చూడు."

ఆ తర్వాత వాళ్ళిద్దరి మధ్య ఆ ప్రస్తావన రాలేదు. కొత్తావిడ కట్టిన సెట్లు బయటికి వెళ్ళేముందు కిటికీ దగ్గరికి వచ్చి, "ఒకసారి చూడవే" అంటుంది. పళ్ళమ్మాయి చూసి సరే అంటుంది. ఒక్కసారి కూడా రంగు తప్పు పోలేదు. చూడమనడం నిజంగా తెలీకనో, చెప్పిన మాట నిలబెట్టుకోవడానికో ఆమెకు ఇప్పటికీ తెలీదు.

ఆ నెలాఖరులో అక్కావాళ్ళ సోఫా ఖాళీ చేసింది. ల్యాబుకు రెండు వీధుల అవతల ఒక గది దొరికింది. గోడకు మడిచే మంచం, ఒక సింకు, తూర్పు కిటికీ. సామాను బావ తన సెలవు రోజున మోసిపెట్టాడు. రెండు పెట్టెలే కాబట్టి రెండుసార్లే ఎక్కి దిగాడు గానీ, ఇరవై సార్లు ఎక్కినంత ఆయాసం నటించాడు. గది అద్దెకిచ్చిన ఇంటావిడ ఫారం తెచ్చింది. పేరు, పని అన్నీ నింపాక, ఎంతకాలం ఉంటారు అన్న గడి దగ్గర పళ్ళమ్మాయి కలం ఆగింది. మూడేళ్ళు అని రాయబోయింది. రాయలేదు. ఒక ఏడాది అనుకుంది, అదీ రాయలేదు. ఇంటావిడ కాసేపు నిలబడి చూసి, "ఏం తల్లీ, అంత కష్టమైన ప్రశ్న ఏముంది అందులో?" అంది.

"నాకు తెలీదండీ. ఎంతని రాయను?"

"ఆరు నెలలని రాయమ్మా. తర్వాత చూసుకుందాం."

పళ్ళమ్మాయి ఆరు నెలలని రాసి, తాళంచెవి తీసుకుంది. బావ కింద నుంచి గట్టిగా పిలుస్తున్నాడు, బండి అడ్డంగా పెట్టాడట.